నాలుగో అంతస్తు కిటికీ మీద ఫిర్యాదు

టైలరమ్మ పనితనం గురించి ఆ వీధిలో ఎవరినడిగినా మంచిగానే చెబుతారు. ఆమె అసలు పని ఏమిటో తెలిసినవాళ్ళు మాత్రం పాతికమందికి మించి ఉండరు, వాళ్ళు చచ్చినా చెప్పరు. బోర్డు మీద "ఆడవారి బట్టలు కుట్టబడును, సరిచేయబడును" అని ఉంటుంది. జిప్పులు మార్చడం, గౌన్ల అంచులు మడవడం, లావైపోయినవాళ్ళకి కుట్లు విప్పడం, వచ్చే నెలకల్లా సన్నబడతామని ప్రతి నెలా చెప్పేవాళ్ళకి ఆ కుట్లు విప్పకుండా ఉంచడం, ఇవన్నీ లోకానికి కనిపించే పనులు. అసలు పని వేరు. జబ్బు చేసి ఒకవైపు రొమ్ము తీయించుకున్న ఆడవాళ్ళకి ఆమె లోపలి బట్టలు కుడుతుంది. లేనివైపు మెత్తటి సంచి అమర్చి, అందులో దూదీ, స్పాంజీ, బరువు కోసం చిన్నచిన్న గింజలూ నింపి, ఉన్నవైపుతో సరిసమానంగా నిలబెడుతుంది. పైన చొక్కా తొడుక్కుంటే కన్నతల్లి కూడా కనిపెట్టలేదు.

ఈ విద్య ఆమెకెవరూ నేర్పలేదు. పదిహేనేళ్ళ కిందట వాళ్ళ వదిన ఆసుపత్రి నుంచి వచ్చాక గుమ్మం దాటడం మానేసింది. ఏ బట్ట వేసుకున్నా ఒకవైపు వేలాడుతోందని ఏడ్చేది. టైలరమ్మకి ఓదార్చడం రాదు, కుట్టడం వచ్చు. నాలుగు రోజులు కూర్చుని ఏడుసార్లు విప్పి ఎనిమిదోసారి కుట్టింది. వదిన బజారుకెళ్ళొచ్చింది. ఆసుపత్రిలో పక్క మంచం మీదున్నావిడకి వదిన చెప్పింది, ఆవిడ ఇంకొకరికి చెప్పింది. చాటింపు లేకుండా గుసగుసల మీదే ఈ పని పెరిగింది. కొలతల పుస్తకంలో వీళ్ళెవరికీ పేర్లుండవు. ఒక్కొక్కరి పేజీకి వాళ్ళ గుడ్డలోంచి తీసిన ముక్క గుండుసూదితో గుచ్చి ఉంటుంది, అంతే.

ఆమె గది నాలుగో అంతస్తులో ఉంది. ఆ ఇంటి లిఫ్టు పనిచేయదు. ఇందులో తమాషా ఏమిటంటే, టైలరమ్మ మొగుడు లిఫ్టుల మెకానిక్కు. ఊళ్ళో లిఫ్టులన్నీ ఆయన చేతి మీదుగా నడుస్తాయి, తను ఉండే ఇంటిది తప్ప. అడిగితే "సామాను రావాలి" అంటాడు, మూడేళ్ళుగా అదే మాట. వచ్చేవాళ్ళు మెట్లెక్కలేక రొప్పుతారు, అయినా ఆ గదే కావాలంటారు. కిటికీకి ఎదురుగా ఏ మేడా లేకపోవడమే దానికి కారణం. కింద బస్సుల డిపో, దాని రేకుల కప్పులు, ఆ పైన వట్టి ఆకాశం. గోడలకి చెవులుంటాయని అందరికీ తెలుసు గానీ ఆకాశానికి కళ్ళొస్తాయని ఎవరనుకుంటారు?

ఆ కళ్ళు ఒకరోజు పొద్దున్న పదింటికి వచ్చాయి. అప్పుడు గదిలో ఉన్నది పంతులమ్మ. ఆవిడ హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. మూడేళ్ళ కిందట కుడివైపు ఆపరేషనయింది. స్కూల్లో ఆ సంగతి పురుగుకి కూడా తెలియదు. కడుపులో గడ్డ అని చెప్పి సెలవు పెట్టింది. కుడి చెయ్యెత్తి బోర్డు మీద రాయాలి కాబట్టి ఆవిడ బట్ట అందరి బట్టల్లాంటిది కాదు, చెయ్యి లేచినా సంచి లేవకూడదు. అందుకని టైలరమ్మ గోడ మీద బోర్డంత ఎత్తున సుద్దతో గీత గీసింది. పంతులమ్మ ఆ గీత దగ్గర నిలబడి గోడ మీద లెక్క చేస్తున్నట్టు చెయ్యాడిస్తుంటే, టైలరమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఎక్కడ లాగుతోందో చూస్తుంది. ముందు బట్ట లేకుండా ఒకసారి, బట్టతో ఒకసారి. ఆ పొద్దున్న బట్ట లేని వంతు నడుస్తుండగా చెవి దగ్గర జోరీగలా ఏదో మోగింది. తిరిగి చూస్తే కిటికీ బయట నాలుగు రెక్కల యంత్రం గాలిలో నిలబడి ఉంది. దాని కడుపు కింద ఎర్ర చుక్క వెలుగుతోంది.

పంతులమ్మ కత్తిరింపు బల్ల వెనక కూలబడిపోయింది. టైలరమ్మ చేతికందిన చెక్క స్కేలు విసిరింది. స్కేలు డ్రోనుకి తగల్లేదు, డిపోలో ఏ బస్సు మీద పడిందో ఇప్పటికీ తెలియదు. డ్రోను మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఇంకాసేపుండి, తీరిగ్గా పక్కకి జరిగిపోయింది.

"ఇది స్కూల్లో ఎవరైనా చూస్తే నేను మళ్ళీ బోర్డు ముందు నిలబడలేనక్కా," అంది పంతులమ్మ. గుండీలు ఒకదానికి బదులు ఒకటి పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఆ రోజే టైలరమ్మ పోలీసు స్టేషన్‌కి వెళ్ళింది. అక్కడ రాసుకునేవాడు సగం విని పెన్ను పక్కన పెట్టాడు.

"లోపలికొచ్చాడా?"

"ఎవడూ రాలేదు. యంత్రం వచ్చింది."

"ఏమైనా ఎత్తుకుపోయిందా?"

"చూసింది."

"చూసిందంటే నేనేం రాసుకోనమ్మా? మున్సిపల్ ఆఫీసుకెళ్ళండి. గాలిలో ఎగిరేవన్నీ వాళ్ళవే."

మున్సిపల్ ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ దగ్గర కళ్ళద్దాల గుమాస్తా ఒకావిడ కూర్చుంటుంది. మనిషి మంచిదే. కాకపోతే ఆవిడ బల్ల మీదున్న ఫారంలో డ్రోనుకి గడి లేదు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని వెతికారు. చివరికి "వీధికుక్కలు, కోతులు, ఇతర ఉపద్రవాలు" అన్న చోట రాశారు. వస్తువు వివరాలు అన్న చోట టైలరమ్మ తడుముకోకుండా చెప్పింది: "వెడల్పు పద్దెనిమిది అంగుళాలు. కిటికీకి ఏడడుగుల దూరం. కిటికీ గట్టు కంటే పదకొండు అంగుళాలు పైన."

గుమాస్తా తలెత్తింది. "టేపు పెట్టి కొలిచారా?"

"ముప్పయ్యేళ్ళ నుంచి కొలుస్తున్నానమ్మా, కంటికి తెలుస్తుంది. మీ భుజాలు పదిహేనున్నర. ఎడమది పావంగుళం కిందికుంది."

గుమాస్తా భుజం సర్దుకుని, అన్నీ మీటర్లలో రాయాలని చెప్పింది. బాధితురాలి పేరు అన్న చోట టైలరమ్మ తన పేరే రాసింది. ఇంకెవరి పేరు రాస్తుంది?

అక్కడి నుంచి తిరగడం మొదలైంది. ఒకసారి ఫొటోలు జత చేయలేదన్నారు. ఒకసారి ఇంటి పన్ను రసీదు కావాలన్నారు, అద్దె ఇల్లంటే ఇంటివాళ్ళ సంతకం కావాలన్నారు. ఒకసారి ఫైలు కుక్కలు పట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. వాళ్ళు పాపం ఫోను చేసి "అది కరుస్తుందా అమ్మా?" అని అడిగారు. మిషను తొక్కీ తొక్కీ అరిగిపోయిన మోకాళ్ళు ఆమెవి. ఇంటి దగ్గర నాలుగంతస్తులు, ఆఫీసులో రెండంతస్తులు. సాయంత్రానికి కాళ్ళు బరువెక్కి, గిన్నె దించాలన్నా మొగుణ్ణే పిలిచేది.

"తెర వేసుకోవచ్చు కదే, గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?" అన్నాడు ఆయన.

ఈ సలహా ఇవ్వనివాడు పాపాత్ముడు. పోలీసు ఇచ్చాడు, గుమాస్తా ఇచ్చింది, ఇంటివాళ్ళూ ఇచ్చారు. తెర వేసి చూడలేదనుకున్నారా? వేసింది. బల్బు కింద కుట్టింది. బల్బు వెలుతురు పైనుంచి పడి అంతా చదునుగా చూపిస్తుంది. అలా కుట్టిన బట్టలో సంచి అరంగుళం దిగిపోయింది. పంతులమ్మ వెనక్కి పంపేసింది. ముందు బెంచీ పిల్ల "టీచర్, మీరు ఒక పక్కకి ఒంగారేంటి?" అని అడిగిందట. ఆ తర్వాత నమూనాలు గీసుకునే పల్చటి కాగితం కిటికీకి అంటించి చూసింది. వెలుతురొచ్చింది, నీడ రాలేదు. నీడ లేకపోతే ఎక్కడ సొట్ట పడిందో తెలియదు. పక్కనుంచి వచ్చే పగటి వెలుతురు ఒక్కటే నిజం చెబుతుంది, అది ఆ కిటికీలోంచే రావాలి. ఈ లోపల పంతులమ్మ పాత బట్ట చిరుగు పట్టింది. పిన్నీసులు పెట్టుకుని స్కూలుకి వెళ్తోందని తెలిసి టైలరమ్మకి అన్నం సహించలేదు.

ఆరోసారి వెళ్ళినప్పుడు గుమాస్తా మొహం విప్పారింది. "మీ అర్జీ పైకెళ్ళిందమ్మా. అపార్టుమెంట్లు అమ్మేవాళ్ళెవరో వీడియోలు తీయిస్తున్నారట, వాళ్ళకి కబురెళ్ళింది. త్వరలో తనిఖీ ఉంటుంది. ఇంక మీరు నిశ్చింతగా ఉండండి."

నిశ్చింత అన్న మాట విని ఎన్నాళ్ళయిందో. టైలరమ్మ ఆ మాట పట్టుకుని పంతులమ్మకి ఫోను చేసింది. "పెద్దవాళ్ళు చూసుకుంటున్నారమ్మా. నాదీ పూచీ, రా." పంతులమ్మ మర్నాడే వచ్చింది. కింద రోడ్డు తవ్వే యంత్రం చెవులు చిల్లులు పడేలా మోగుతోంది, ఒకరి మాట ఒకరికి వినబడలేదు. పావుగంట తెర తీశారు. బట్ట లేకుండా ఒకసారి, బట్టతో ఒకసారి. ఈసారి అణువంత తేడా కూడా రాలేదు. పంతులమ్మ గోడ ముందు మూడుసార్లు చెయ్యెత్తి చూసుకుని, నవ్వుకుంటూ వెళ్ళింది.

వారం తిరక్కుండా ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. గుమాస్తా పక్కన ఇన్‌స్పెక్టరు కూర్చుని ఉన్నాడు. భారీ మనిషి, మోకాళ్ళకి పట్టీలు.

"మీ ఫిర్యాదు రుజువైందమ్మా!" అన్నాడు, బిడ్డ పుట్టిందని చెప్పినట్టు. "తనిఖీకి నేనే వచ్చాను. మీ ఇంట్లో లిఫ్టు నడవదు, నా మోకాళ్ళు చూస్తున్నారుగా. మన ఆఫీసుకి కొత్తగా డ్రోనొచ్చింది. కింద వీధిలో నిలబడి దాన్నే పంపాను. మీరు రాసినట్టే ఏడడుగుల దూరం. చూడండి, ఎంత స్పష్టంగా పడిందో."

అతను కాగితం తిప్పి చూపించాడు. పెద్ద ఫొటో. గోడ ముందు పంతులమ్మ, కుడి చెయ్యి పైకెత్తి ఉంది. ఎత్తిన చెయ్యి అడ్డమొచ్చి మొహం కనబడలేదు. కనబడకూడనిది మొత్తం కనబడింది, కుట్ల మచ్చతో సహా. కింద చక్కటి అక్షరాలతో రాశాడు: "లోపలి వ్యక్తి శరీరం బయటికి కనిపించుచున్నది. ఫిర్యాదు వాస్తవము."

కంచే చేను మేసింది. అది కూడా చేనుకి కాపలా కాస్తున్నాననుకుంటూ మేసింది, దాన్ని తిట్టడానికి కూడా నోరు రాదు. టైలరమ్మకి కోపం రావాల్సింది. కోపానికైనా కొంచెం ఓపిక ఉండాలి, ఆ ఓపిక ఆమె ఈ ఆఫీసు మెట్ల మీదే అయిపోగొట్టుకుంది. నాదీ పూచీ అని తనే పిలిచిందన్న ఒక్క మాట మాత్రం లోపల ముల్లులా గుచ్చుకుంది.

"ఇది తీసేయండి బాబూ," అంది.

"తీసేస్తే ఆధారమేదీ? ఇంకా ఐదు బల్లలు తిరగాలి ఈ ఫైలు."

"ఐదు బల్లలా? ఐదుగురు చూస్తారా?"

"చూడకుండా సంతకాలెలా పెడతారు?"

గుమాస్తా మెల్లిగా కలగజేసుకుంది. "ఒక దారి ఉందండీ. ఫొటోలో ఉన్నావిడే వచ్చి, ఇది నేనే, నాకిష్టం లేదు అని రాసిస్తే, మీరు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే, తీసేస్తాం. మిషన్లో ఉన్నది కూడా. కానీ ఆవిడే రావాలి."

ఆవిడ రావాలంటే ఆవిడకి చెప్పాలి. చెబితే, మూడేళ్ళుగా బోర్డు ముందు నిలబెట్టిన మనిషిని టైలరమ్మ తన చేత్తోనే కూలదోసినట్టు. ఆమె బల్ల అంచు పట్టుకుంది. వెనక వరసలో ఎవరో తొందర పెట్టారు.

"అది నేనే," అంది.

ఇన్‌స్పెక్టరు ఫొటో చూశాడు. తర్వాత ఆమెని చూశాడు, ఎక్కడ చూడాలో అక్కడే చూశాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళూ మెడలు సాచారు. టైలరమ్మ చేతిసంచి అడ్డం పెట్టుకోలేదు. చూసుకోనీ అని నిలబడింది. బతుకంతా ఒకరి ఒంటిని ఇంకొకరి కంట పడకుండా దాచిన మనిషి, ఆ నిమిషం తన ఒంటిని వాళ్ళ చూపులకి వదిలేసింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి, కాళ్ళు మాత్రం కదల్లేదు.

"ఫొటోలో మనిషి సన్నంగా ఉందే?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మీ మిషన్లో అలా పడి ఉంటుంది."

పంతులమ్మ చుట్టుకొలత ముప్పై నాలుగు, టైలరమ్మది నలభై రెండు. అరంగుళం అబద్ధం ఎన్నడూ ఎరగని మనిషి ఎనిమిది అంగుళాల అబద్ధం ఆడింది. గుమాస్తా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఆవిడకి తెలిసిపోయిందనే నా అనుమానం. పైకి మాత్రం "పెట్టండమ్మా సంతకం" అని కాగితం ముందుకి జరిపింది. మిషన్లోంచి బొమ్మ తీసేసేదాకా టైలరమ్మ పక్కనే నిలబడి చూసింది. కాగితం మీదున్నది తనే చించింది. ఫైలు మీద "ఫిర్యాదురాలు సంతృప్తి చెందినది, మూసివేయడమైనది" అని ముద్ర పడింది.

ఫొటో పోయింది గానీ మాట పోతుందా? వరసలో నిలబడ్డవాళ్ళలో ఒకరు డిపోలో పనిచేస్తారు. మర్నాటికి టీకొట్టుకి, ఆ మర్నాటికి మెట్లకి చేరింది. పాపం టైలరమ్మకి ఫలానా జబ్బట, ఇన్నాళ్ళూ దాచిందట. ఇంటివాళ్ళావిడ పళ్ళు పంపించింది. మొగుడు లిఫ్టు గుంతలో ఉండగా తోటివాళ్ళు పైనుంచే పరామర్శించారు. ఆయన ఇంటికొచ్చి బల్ల మీద పానాలు పెట్టి, "ఏమే, నీకేదో అయిందటగా, నాకు తెలియకుండా ఎక్కడ చేయించుకున్నావ్?" అన్నాడు.

ఆమె ఎవరి పేరూ చెప్పకుండా జరిగింది చెప్పింది.

"మరి నన్నడిగితే ఏం చెప్పను?"

"ఏం చెప్పొద్దు. తలూపు, చాలు."

ఆయన నెల రోజులు ఊపాడు. పైగా అర్జీతో కాని పని ఆయన సెలవురోజుతో అయింది. సెలవు నాడు తెర తీసి కొలతలు చూస్తుంది, ఆయన పైన డాబా అంచున పొడుగాటి కర్ర పట్టుకుని, కిందికి తొంగిచూడకుండా ఆకాశాన్ని కాపలా కాస్తాడు. వారానికి ఒక్క పూట పని, మిగతా ఆరు రోజులూ జిప్పులు. ఇదీ ఆమె సాధించిన న్యాయం.

అలాంటి ఒక సెలవు నాడు పంతులమ్మ వచ్చింది. తలుపు గడియ పెట్టి, సంచి భుజానుంచి దించకుండానే, "విన్నానక్కా," అంది.

ఫొటో సంగతి తెలిసిపోయింది, ఇంత కష్టమూ బూడిదలో పోసిన పన్నీరైపోయింది అనుకుంది టైలరమ్మ.

"మూడేళ్ళ నుంచి నన్ను కొలుస్తున్నావు. నీకూ ఇదే అయిందని ఒక్కసారైనా చెప్పలేదేం?"

టైలరమ్మ మిషను మీదున్న గుడ్డ తీసి మడతపెట్టసాగింది.

"నీకూ కుడివైపేనా?"

"ఆఁ," అంది. ఇంకేమంటుంది? కాదంటే ఆ ఫొటో ఎవరిదో చెప్పాలి.

పంతులమ్మ స్టూలు మీద కూర్చుంది. "నేను నిన్నెంత చూశానో తెలుసా అక్కా? మిషను తొక్కుతావు, మీ ఆయన్ని తిడతావు, నాలుగంతస్తులు ఎక్కి దిగుతావు. ఈవిడకేం, నిండుగా ఉంది, ఈవిడకి నా బాధేం తెలుసని లోపల కుళ్ళుకునేదాన్ని. నీకూ అదే అని తెలిసిన రోజు ఇంటికెళ్ళి మొదటిసారి అద్దం ముందు బట్ట తీసి చూసుకున్నాను. నువ్వు బతుకుతున్నావుగా, నేనూ బతకొచ్చనిపించింది."

అంటూనే లేచి, టైలరమ్మ మెడలోంచి టేపు లాగింది. "మాకందరికీ నువ్వు తీస్తావు. నీకెవరు తీస్తారు కొలత? రా, ఇవాళ నేను తీస్తాను. లెక్కల టీచర్ని, తప్పు పోదులే."

టైలరమ్మ రెండు చేతులూ గుండెలకి అడ్డం పెట్టుకుని, మిషను తగిలేదాకా వెనక్కి జరిగింది. "వద్దమ్మా. వద్దు," అంది.

పంతులమ్మ అక్కడే ఆగిపోయింది. ఆ వెనకడుగు ఆవిడకి బాగా తెలుసు. టేపు చుట్ట చుట్టి బల్ల మీద పెట్టింది. "సరేలే అక్కా. నేనూ ఏడాదిపాటు నిన్ను తప్ప ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు, మా అమ్మని కూడా. నీకెప్పుడు ఇష్టమైతే అప్పుడే," అంది.

టైలరమ్మ కింద కూర్చుండిపోయి ఏడ్చింది. అబద్ధమాడినందుకో, ఆ అబద్ధం ఇంత మేలు చేసినందుకో, ఆఫీసు చుట్టూ తిరిగిన అలసటకో, ఆ ఏడుపు దేనికో ఆమెకే తెలియలేదు. పంతులమ్మకి మాత్రం ఏ అనుమానమూ లేదు. పక్కనే చతికిలబడి, "ఏడ్చెయ్యక్కా, మొదట్లో అందరం ఏడుస్తాం," అంటూ వీపు నిమిరింది.